తలాపు రాళ్లు

మొలలోతు తవ్వినా మన్ను తప్ప ఏమీ రాలేదు.

గుంతలో ఉన్న పోశయ్య గడ్డపార ఆపి పైకి చూశాడు. పైన, తాసీలు ఆఫీసు నుంచి వచ్చిన గిర్దావరు నెత్తిమీద తడి తువ్వాల వేసుకుని నిలబడి ఉన్నాడు. హసన్‌పర్తి చెరువు మీంచి వచ్చే గాలి కూడా వైశాఖం ఎండకు సెగలాగే తగులుతోంది. సోమక్క గుంత అంచున కూచుని లోపలికి చూస్తోంది. పొద్దున ఆ తలాపురాయి మీద చెయ్యిపెట్టి, నలుగురూ వింటుండగా, "గిదే నా పెనిమిటి బొంద" అని చెప్పింది ఆమే.

"ఇంకొంచెం తవ్వు బిడ్డా. లోతుకే పెట్టినం. నక్కలు తోడుతయని లోతుకే పెట్టినం."

"లోతు ముచ్చట కాదే అవ్వా," అన్నాడు పోశయ్య. "ఇది మొరం. గడ్డపార ఎగిరెగిరి పడుతాంది. ఒకపారి తవ్వి పూడ్సిన మన్ను గిట్ల ఉంటదా?"

గిర్దావరు వంగి ఒక పెళ్ల తీసుకుని వేళ్లతో నలిపాడు. అది నలగలేదు.

"దేవుడు పెట్టిన మన్ను పెట్టినట్టే ఉన్నదమ్మా," అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. అందుకే అది మరింత గట్టిగా తగిలింది.

ఆ రోజు తేలవలసింది ఒక్కటే. కరీంనగర్ రోడ్డు పక్కనున్న ఆ ఎకరంన్నర జాగా బొందలగడ్డా, కాదా? వెనక పొలంతోపాటు దాన్ని కూడా కొన్నానంటున్నాడు రైసుమిల్లు షావుకారు. అది దొరల మీద తిరగబడ్డ సంగపోళ్ల బొందలగడ్డ అంటున్నారు ఊరివాళ్లు. సర్కారు కాయితాల్లో పడావు భూమి అన్న మాట తప్ప మరేమీ లేదు. తాసీల్దారు ఇద్దరి మాటా విని, మీరు చూపించిన మూడు చోట్ల తవ్విద్దాం, మనిషి జాడ దొరికితే జాగా ఊరిది, దొరక్కపోతే షావుకారుది అన్నాడు. ఇంతకంటే న్యాయమైన తీర్పు ఉండదనుకుని ఊరివాళ్లు సంతోషంగా ఒప్పుకున్నారు. సోమక్క పొద్దున్నే తలంటుకుని వచ్చింది. తవ్వినప్పుడు ఆయన ఎముకలకు ఎండ తగలకుండా కప్పడానికి ఉతికిన తెల్లగుడ్డ ఒకటి తెచ్చి చంకలో పెట్టుకుంది.

సోమక్క పెనిమిటి కట్టయ్య రాయి కింద ఏమీ లేదు. వలీ రాయి కింద తవ్వారు, ఏమీ లేదు. కొమురెల్లి రాయి కింద తవ్వేటప్పటికి అందరికీ తెలిసిపోయింది. అయినా ఎవరూ ఆపమనలేదు.

అప్పుడు వలీకి అన్న అయిన జానీ మియా ముందుకు వచ్చాడు. హసన్‌పర్తిలో సైకిళ్లు బాగుచేస్తాడు. అతని చేతుల మీది నూనె మరకలు పండుగనాడు కూడా పోవు.

"సాబ్, జర వినుండ్రి. రాళ్లు జరిపినం మేము. పోయిన యేడు జరిపినం. మనుషులు లోపట ఉన్నరు, రాళ్లు ఈడికొచ్చినయి."

"పొద్దుగాల్నేమో గిదే బొంద అన్నరు. ఇప్పుడేమో కాదంటున్నరు," అన్నాడు గిర్దావరు. "నన్నేది రాయమంటరు?"

"పొద్దుగాల యాదికి రాలే సాబ్. కసమ్. యాదికే రాలే."

ఆ మాట నిజం. కానీ నమ్మడానికి వీలైన నిజం కాదు. అప్పటినుంచీ వాళ్లు పూలు పెట్టిందీ, అగరొత్తులు వెలిగించిందీ, పెద్దల పండుగ పెత్రమాసకు బువ్వ పెట్టిందీ ఆ రాళ్ల దగ్గరే. రాయి జరిగినప్పుడు వాళ్ల మనసు కూడా రాయి వెంటే జరిగింది.

"మరి ఏడికెల్లి జరిపిన్రో చూపించుండ్రి," అన్నాడు గిర్దావరు. అతను చెడ్డవాడు కాడు.

అందరూ లోపలికి నడిచారు. అక్కడ ట్రాక్టరుతో చదును చేసిన నేల అరచెయ్యిలా ఉంది. జానీ మియా ఒకచోట ఆగి ఇక్కడ అన్నాడు. గంజి మార్కెట్టులో హమాలీ పనిచేసే కొమురెల్లి తమ్ముడు యాకయ్య, కాదు, ఇంకా అవతల అన్నాడు. సోమక్క అటు నాలుగడుగులు వేసింది, ఇటు నాలుగడుగులు వేసింది. "గీడ సీతాఫలం చెట్టుండె," అంది. చెట్టు లేదు. చెట్టును కొట్టి, మొద్దును కూడా పెళ్లగించి, జాగా శుభ్రం చేసింది తామే.

గిర్దావరు రోడ్డువైపు తిరిగి చూశాడు. అక్కడ తుమ్మచెట్టు కింద నల్ల గొడుగు వేసుకుని సారంగపాణి నిలబడి ఉన్నాడు. అమరవీరుల కమిటీకి పెద్ద. మాజీ సమితి ప్రెసిడెంటు. ఒకప్పుడు కట్టయ్య దళంలోనే తుపాకి పట్టినవాడు.

"పాణిగారూ, మీరు కమిటీ పెద్దలు. మీరు చెప్పుండ్రి. రాళ్లు జరిపిన్రా?"

సారంగపాణి కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు.

"రాళ్లకు సున్నం వేయించిన. నాకు తెలిసింది అంతవరకే," అన్నాడు.

గుంతలు పూడ్చడం మొదలైంది. షావుకారు జీపు స్టార్టయింది. సారంగపాణి గొడుగు మూసి, ఎవరివైపూ చూడకుండా, ఆ జీపు ఎక్కాడు.

*

ఆ బొందలగడ్డను ఎవరూ ఏర్పాటు చేయలేదు. దొర గడీలో జీతమున్న కట్టయ్య ఒకనాడు ఎడ్లను విప్పి గడి ముందరే వదిలేసి సంగంలో చేరాడు. ఆ తర్వాత మూడో ఏట, మిలిట్రీ వచ్చాక, గుట్ట దగ్గర తుపాకి దెబ్బ తిని పడిపోయాడు. శవాన్ని ఊళ్లోకి తేవడానికి భయపడి, తెల్లవారకముందే దొరికినచోట తవ్వి పెట్టారు. వలీ దళం కబుర్ల చీట్లు మోసేవాడు. మీసాలు కూడా సరిగా రాని వయసు. అతణ్నీ అక్కడే పెట్టారు. అలా ఏడుగురయ్యారు. బతికి బయటపడి, ముసలివాళ్లయి మంచంలో పోయినవాళ్లు మరో నలుగురు తమనూ అక్కడే పెట్టమని కోరారు. కొమురెల్లి వాళ్లలో ఒకడు. మొదటి ఏడూ తలకాయ ఎటువైపు, కాళ్లు ఎటువైపు అని చూసే తీరిక లేని రోజుల్లో తవ్విన బొందలు. ఒకటి చెరువువైపు, ఒకటి గుట్టవైపు, ఎవరి పడక వాళ్లదే. ప్రతివాడి తలాపునా ఒక రాయి. రాయి మీద పేరు లేదు, అవసరమూ రాలేదు.

కట్టయ్య తలాపున పెట్టడానికి సోమక్క తన ఇసుర్రాయి పైబిళ్లను నెత్తిన పెట్టుకుని పోయింది. అప్పటినుంచి పిండి ఇసురుకోవాలంటే పక్కింటి మల్లక్క ఇంటికే పోతుంది. పిల్లలు లేరు. ఫొటో లేదు. గోడకు తగిలించుకునే వస్తువు ఏదీ ఆయన వదిలిపోలేదు. ఉన్నదల్లా ఆ రాయి, దాని ఎడమపక్క ఒక మనిషి పట్టేంత చోటు. నాట్లకు పోయినా కలుపుకు పోయినా తిరిగి వచ్చేటప్పుడు ఆ దారినే వచ్చేది. "నేను పోయినంక గీడ పెట్టుండ్రి. ఇంకెవల్లను పెట్టనియ్యకుండ్రి," అని ఊళ్లో అందరికీ చెప్పి ఉంచింది. ఎవరూ పెట్టలేదు.

పెత్రమాసకు ముందు ఆదివారం నలుగురూ పోయి ముళ్లకంపలు కొట్టి, పాముపుట్టలు చూసి, రాళ్లు కడిగి వచ్చేవారు. దానికి కమిటీ అని పేరు లేదు. సారంగపాణి వచ్చాక పేరు వచ్చింది, రసీదు పుస్తకం వచ్చింది, ఎర్రబట్ట మీద తెల్ల అక్షరాలు వచ్చాయి. ఆయన హన్మకొండలో ఉంటాడు, కాంట్రాక్టులు చేస్తాడు. అంతటివాడు తమ బొందలగడ్డను మరిచిపోకుండా వచ్చినందుకు ఊళ్లో వాళ్లు నిజంగానే పొంగిపోయారు.

పోయిన ఏడు పెత్రమాసకు ముందు ఆయన ట్రాక్టరు పంపాడు, సున్నం బస్తాలు పంపాడు, వెనకాలే తనూ వచ్చాడు. జాగా అంతా తిరిగి చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వాడు.

"ఏంది వదినా గిది? గిట్ల తలకాయొకదిక్కు కాళ్లొకదిక్కు? మనోళ్లు సిపాయిలు. సిపాయిలు ఎట్లుండాలె? రోడ్డు మీద పోయేటోడు బస్సులకెల్లి చూసినా దళం ఫాలిన్ అయి వరుసగ నిలబడ్డట్టు కనపడాలె. అన్ని రాళ్లు రోడ్డు పొంటి ఒక్క లైన్ల పెడుదాం."

"రాయి ఒకకాడ, మనిషి ఒకకాడ అయితే ఎట్ల పాణీ?" అంది సోమక్క.

"అరే, నువ్వింక గట్లనే ఉన్నవ్. జాగ మొత్తం వాళ్లదే గద. జర అటు జరిగితే ఏమైతది?"

ఈ మనిషి ఒకప్పుడు ఆమె ఇంట్లో వడ్లగరిసెలో దాక్కుని బతికాడు. పోలీసులు వచ్చి గరిసెను బాయ్‌నెట్టుతో పొడిచిన రోజున, ఆమె దాని మీదెక్కి కూచుని, నెలసరి వచ్చింది, ముట్టుకుంటే మీరే మైలపడతారని కేకలు పెట్టి వాళ్లను పంపేసింది. అట్లాంటి మనిషి చెప్పిన మాటను రెండోసారి అడగడం ఆమెకు తెలియలేదు.

ఆ రోజు పని పండుగలా జరిగింది. మల్లక్క నీళ్లు మోసింది. యాకయ్య రాళ్లను ఒక్కొక్కటిగా దొర్లించుకుంటూ వచ్చాడు. ఇసుర్రాయి బిళ్లను ఎత్తి భుజానికి వేసుకుని, "ఓ కట్టన్నా! బతికున్నన్నినాళ్లు ఎవ్వని లైన్ల నిలవడకపోతివి. ఇగ నిలవడు!" అన్నాడు.

"జీతం కూడ లైన్ల నిలవడి తీసుకోలే ఆయన," అంది మల్లక్క. "దొర పిలిస్తె, తొందరేమున్నది, రేపిస్తవు తియ్ అని పోయేటోడట."

"మా వలీగాన్ని నా పక్కకు పెట్టు భాయ్," అన్నాడు జానీ మియా, తాడు పట్టుకుని లైను చూస్తూ. "వాడు చిన్నోడు, చివరికి పెడితె భయపడతడు."

అందరూ నవ్వారు. సోమక్క కూడా నవ్వింది. సున్నం కొట్టిన పదకొండు రాళ్లు సాయంత్రం ఎండలో ఒకే వరసన మెరుస్తుంటే, రోడ్డుమీద ఎర్రబస్సు ఒకటి నెమ్మదించింది. కిటికీలోంచి ఎవరో చెయ్యెత్తి దండం పెట్టారు. ఆమె కళ్లు తుడుచుకుంది. మర్నాడు ట్రాక్టరు లోపలి నేలనంతా చదును చేసిపోయింది. పిచ్చిచెట్లు మళ్లీ రాకుండా ఉంటాయన్నారు. మంచిదే అనుకున్నారు.

*

తవ్వకం జరిగిన రెండోరోజు సోమక్క పని మానుకుని హన్మకొండ పోయింది. సారంగపాణి ఇల్లు రెండంతస్తుల డాబా. వసారాలో పేపరు చదువుకుంటున్నవాడు ఆమెను చూసి లేచాడు. లేవకుండా ఉండలేకపోయాడు.

"రా వదినా. కూసో."

ఆమె కూచోలేదు.

"రాళ్లు జరిపినమని ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఏమైతుండె? మనకు కాయితం ఉన్నదా, పట్టా ఉన్నదా?" పేపరు మడిచి పక్కన పెట్టాడు. "రోడ్డు పక్క జాగ వదినా. గజం ముప్పై రూపాయలు పలుకుతాంది. ఇయ్యాల షావుకారు కాకపోతే రేపు ఇంకోడు గుంజుకుంటడు. నేను ఆయినతోని కొట్లాడి రెండు గుంటల జాగ స్థూపానికి ఇడిపించిన. పాలరాయి మీద పేర్లు చెక్కిస్తాన. కట్టన్న పేరు అన్నిటికన్న పైన. ఏండ్లు గడిస్తే మట్టి మట్టిల కలుస్తది. పేరు నిలుస్తది. ఏది మేలు చెప్పు?"

"నీకు అండ్ల ఎన్ని ప్లాట్లు?"

ఆయన మడిచిన పేపరునే మళ్లీ మడిచాడు. గోడమీద దళం రోజుల్లో తీసిన ఫొటో ఒకటి అద్దం కట్టించి ఉంది. అందులో కట్టయ్య లేడు. ఫొటో తీసేవాడు వచ్చిననాటికి అతను పోయాడు.

"పోనియ్యి," అంది సోమక్క. "ఒక్కటి చెప్పు పాణీ. లైన్ల పెడుదామన్ననాడు నీకు ఎరికేనా?"

సారంగపాణి ఆమె మొహంలోకి చూశాడు. చూసి కిందికి చూశాడు.

"ఎండల పడొచ్చినవ్ వదినా," అన్నాడు. "బువ్వ తిన్నవా?"

ఒకప్పుడు గరిసె మీది చాప కొంచెం పక్కకు తీసి, గుసగుసగా ఇదే మాట ఆమె అతణ్ని అడిగేది. ఆమె తినలేదు. పొద్దున ఇంట్లో గంజి కూడా తాగకుండా బయలుదేరింది.

"తిన్న," అని చెప్పి మెట్లు దిగింది.

*

శ్రావణమాసం నాటికి స్థూపం లేచింది. పదకొండు రాళ్లనూ దాని పునాదిలో వేశారు. అమరుల మీదనే అమరుల గుర్తు నిలబడుతుందని సారంగపాణి చెప్పాడట. స్థూపం వెనక లోపలి నేలంతా గళ్లుగళ్లుగా కొలిచి కర్రలు పాతారు.

ఆవిష్కరణ రోజున షామియానా వేశారు. జాగా దానమిచ్చిన షావుకారును ముందు వేదిక మీదికి పిలిచారు. తర్వాత వీరుల కుటుంబాలను ఒక్కొక్కరినీ పిలిచి శాలువా కప్పుతామన్నారు. మొదట కట్టయ్య పేరు చదివారు. "పో అక్కా, పో," అని మల్లక్క వీపు నిమిరింది. సోమక్క లేచి మెట్లెక్కింది. సారంగపాణి రెండు చేతులా శాలువా విప్పి పట్టుకున్నాడు. ఆమె ఆయనకంటే పొట్టిది కాదు.

"జర తల వంచు వదినా," అన్నాడు నెమ్మదిగా.

ఆమె వంచలేదు.

"నా పెనిమిటి ఏడున్నడో చూపెట్టు. ముందుగాల గది చెయ్యి పాణీ. శాలువ తర్వాత."

"గిదంతా ఆయనదే గద వదినా," అన్నాడు స్థూపంవైపు చూపిస్తూ. నవ్వు మొహం అట్లాగే ఉంచాడు.

"గిది నువ్వు కట్టించింది. నేను నిన్ను స్థూపం అడుగలే. నా మనిషిని అడుగుతాన. ఆయన పక్కపొంటి నా జాగ అడుగుతాన. తీస్కపోయి చూపెట్టు, నేను వస్త."

మైకు దూరంగా ఉంది. వెనక కూచున్నవాళ్లకు మాటలు వినపడలేదు. ఆమె కృతజ్ఞత చెబుతోందనుకుని వాళ్లు చప్పట్లు కొట్టారు. చప్పట్ల మధ్యనే సోమక్క మెట్లు దిగింది. శాలువా సారంగపాణి చేతుల్లో ఉండిపోయింది. ఆయన దాన్ని మళ్లీ మడతపెట్టి బల్లమీద ఉంచాడు.

వలీ పేరు చదివారు. జానీ మియా కూచున్నచోటు నుంచి లేవలేదు. రెండోసారి చదివారు. తల పక్కకు తిప్పుకుని, సైకిలు చెయిను మరమ్మతు చేస్తున్నవాడిలా తన చేతుల్నే చూసుకుంటూ ఉండిపోయాడు. ఆ తర్వాత అన్న కొమురెల్లి తరఫున యాకయ్యను పిలిస్తే, అతను పోయి కప్పించుకున్నాడు. వచ్చి కూచున్నాక, "చలికాలం పిల్లలకు పనికొస్తదని," అన్నాడు ఎవరూ అడక్కముందే.

ఆమె, జానీ మియా కలిసి తాసీలు ఆఫీసుకు పోయారు. లోపలి నేలను కూడా తవ్వి చూడమన్నారు. గిర్దావరు వాళ్లను కూచోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, అది ఇప్పుడు ఒకరి జాగా కాదు, ప్లాటుకొక మనిషి ఉన్నాడు, ఎవరి ప్లాటులో తవ్వమంటావు చెప్పమ్మా అన్నాడు.

కార్తీకంలో మొదటి ఇంటికి ముగ్గు పోశారు. పునాదులు తవ్వే పనికి మేస్త్రీ కూలీలను పిలుస్తున్నాడని తెలిసి సోమక్క పోయి నిలబడింది. ఆడకూలి ఎనిమిది రూపాయలు. వరికోతలు మొదలయ్యాయి, ఆ పనిలో ఇంతకంటే ఎక్కువే వస్తుంది, ఈ వయసులో ఈ మట్టిమోత నీకెందుకే అని మల్లక్క కోప్పడింది. సోమక్క వినలేదు.

తట్టలోకి మన్ను ఎత్తగానే ఆమె దాన్ని నెత్తికి పెట్టుకోదు. వంగి, వేళ్లు పెట్టి అడుగుదాకా కెలికి చూస్తుంది. పెళ్ల ఉంటే చిదిపి చూస్తుంది. ఆ తర్వాతే మోస్తుంది. కుప్ప మీద పోసేటప్పుడు కూడా ఒక్కసారిగా పోయదు.

"ఓ ముసలమ్మా, మన్నుల ఏం దేవులాడుతానవ్? బంగారం పాతిపెట్టిన్రా ఏంది మీ తాతలు?" అని మేస్త్రీ కేకవేస్తాడు. "జల్ది రా. నీ ఒక్కదానికోసం అందరాగుతాన్రు."

"వస్తాన కొడుకా," అంటుంది.

సాయంత్రం దుకాణం మూసి జానీ మియా సైకిలు నడిపించుకుంటూ వస్తాడు. రోడ్డుమీదే ఆగుతాడు. లోపలికి రాడు. దూరం నుంచే ఆమెవైపు చూస్తాడు. ఆమె లేదన్నట్టు చెయ్యి ఊపుతుంది. అతను పోతాడు.

రెండు ఇళ్ల పునాదులు అయిపోయాయి. ఏమీ రాలేదు. తవ్వవలసిన ప్లాట్లు ఇంకా ఉన్నాయి.